పక్క బొమ్మ ఏది?

టార్పాలిన్ కవర్లు కుట్టే ఆ షెడ్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. మెడలో ఎప్పుడు చూసినా కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరికీ టేపక్క. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా టేపక్కా అనే అంటారు. "పడుకునేటప్పుడైనా తీస్తుందో లేదో మావాణ్ణి అడగాలి" అని అత్తగారు ఇరుగుపొరుగు వాళ్లతో అని నవ్వుతుంటుంది.

షెడ్డు ఆమె బాబాయిది. పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. నేలంతా నున్నటి సిమెంటు. దానిమీద గుడ్డ పరిచి, మోకాళ్లమీద కూర్చుని సుద్దతో గీసి కత్తిరిస్తారు. గోడవారన నాలుగు పెద్ద కుట్టుమిషన్లు, మూలన ఇత్తడి రింగులు దిగ్గొట్టే ప్రెస్సు. మైనం, కొత్త రబ్బరు కలిసిన వాసన. పదో తరగతి లెక్కల్లో తప్పాక, పదిహేడో ఏట ఆమె ఇక్కడికి వచ్చింది. మొదట రింగులు కొట్టింది. రెండేళ్లకి మిషనెక్కింది. ఐదేళ్లు తిరిగేసరికి కత్తెర ఆమె చేతికొచ్చింది. ఒకసారి వచ్చాక మళ్లీ ఎవరి చేతికీ పోలేదు.

ఎందుకంటే ఆమె చేసే పని ఇంకెవరికీ వచ్చేది కాదు. ఎవరో పడవ తెస్తారు, ఎవరో నీళ్ల పంపు తెస్తారు, ఇంకెవరో అచ్చుయంత్రం ఉన్న చోటికి రమ్మంటారు. టేపక్క దాని చుట్టూ తిరిగి కొలతలు తీసుకుంటుంది. తర్వాత ఓ క్షణం కళ్లు మూసుకుంటుంది. కళ్లు తెరిచాక ఇక ఆగదు. గుడ్డమీద సుద్ద పరుగులు తీస్తుంది.

"ఆ కళ్లు మూసుకున్నప్పుడు ఏం చేస్తావమ్మాయ్?" అని బాబాయి ఒకసారి అడిగాడు.

"ఏముంది బాబాయ్, విప్పుతాను. మూత తీసి పక్కన పెడతా. నాలుగు గోడల్నీ బయటికి పడుకోబెడతా. అరిటాకు పరిచినట్టు నేలమీద పరుచుకుంటుంది. అట్లా పడుకున్నదాన్ని గుడ్డమీద గీసేస్తా. అంతే."

"అంతే అంటావు. మాకు ఆ అంతే దగ్గరే ఆగిపోతుంది" అన్నాడు బాబాయి.

ఇంతటి మనిషికి కాగితం అంటే మాత్రం భయం. బళ్లో చదివే రోజుల్లో లెక్కల మాస్టారు పెట్టె బొమ్మ గీయమంటే, ఆమె ఆరు చతురస్రాలు ఒకదానికొకటి అతికించి గీసింది. పెట్టెకి ఆరు ముఖాలుంటాయి కదా, ఆరూ కనబడాలి కదా అనుకుంది. మాస్టారు ఆ కాగితం ఎత్తి తరగతికంతా చూపించి, "ఇది పెట్టా, కిటికీనా?" అన్నారు. తరగతి గొల్లుమంది. ఆ రోజు నుంచి కాగితానికీ ఆమెకీ మాటల్లేవు. పని దగ్గరైనా వస్తువుని చూసి కుట్టేదే తప్ప కాగితం చూసి కుట్టేది కాదు.

అలాగే బతుకు వెళ్లిపోయేది. కానీ నలభయ్యొకటో ఏట ఓ దూరపు ఆసామీ జనరేటరుకి కవరు కావాలని బొమ్మ పంపించాడు. వెళ్లి చూసి రావడానికి వీల్లేనంత దూరం. ముందు బొమ్మ, పై బొమ్మ, పక్క బొమ్మ, మూడూ ఒకే కాగితంలో ఉన్నాయి. టేపక్క ఎలాగో కూడబలుక్కుని కుట్టి పంపింది. వారం తిరక్కుండా కవరు వెనక్కొచ్చింది. కొలతలన్నీ కరెక్టే. కానీ తలుపుకోసం వదిలిన రెక్క ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు ఉంది. చేతి తొడుగు తప్పుచేతికి కుట్టినట్టయింది.

ఒకే వైపు నుంచి చూసిన పక్క బొమ్మను కొందరు ఒక పద్ధతిలో ముందు బొమ్మకి ఎడమన వేస్తారు, ఇంకొందరు కుడిన వేస్తారు. ఏ పద్ధతో చెప్పడానికి కాగితం మూలన చిన్న గుర్తు వేస్తారు. మొన తెగిన శంకువు, పక్కనే ఒకదానిలో ఒకటి రెండు వలయాలు. టేపక్క ఆ గుర్తును చూసింది కూడా. కంపెనీ ముద్ర కాబోలు అనుకుంది.

బాబాయి కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కవరును మడిచి అటకమీద పెట్టి, "పోనీలే అమ్మాయ్" అన్నాడు. ఆ పోనీలే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఆ వారమే వెళ్లి సాంకేతిక పాఠశాలలో సాయంత్రం డ్రాయింగు తరగతిలో చేరింది.

"పెళ్లై ఇరవయ్యేళ్లయ్యాక నా కోడలు పలక పట్టిందర్రా!" అని అత్తగారు వీధి వీధంతా చాటింది. అందులో వెటకారం ఎంతో, గర్వం ఎంతో ఆవిడకే తెలియాలి.

తరగతిలో ముప్పైమంది. అందరూ మీసాలు మొలుస్తున్నవాళ్లు, జడలు ముందుకేసుకున్నవాళ్లు. చెప్పే మేడమ్‌కి కూడా ఇరవయ్యారు దాటవు. సన్నగా, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఉంటుంది. మొదటిరోజే టేపక్క దగ్గరికొచ్చి, "అక్కా, అమ్మాయిని చేర్పించడానికి వచ్చారా?" అని అడిగింది.

"లేదు మేడమ్, నన్నే చేర్పించుకోడానికొచ్చా."

మొదటి నెల నరకం చూసింది. చేతికి ఒకటి తెలిసి ఉంటే, పెన్సిలు ఇంకొకటి గీసేది. మేడమ్ బోర్డుమీద డబ్బాలాంటి స్థూపం గీసి దాని పైమూతని కోలగా వేసింది. టేపక్క ఉండబట్టలేక లేచి నిలబడింది.

"మేడమ్, గుండ్రటిదాన్ని గుండ్రంగా కదా గీయాలి? కోడిగుడ్డు వేశారేంటి? అబద్ధం కాదూ?"

పిల్లలు నవ్వబోయారు. మేడమ్ నవ్వలేదు. తన బల్లమీది టీ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"పైనుంచి చూడండక్కా. అంచు ఎట్లా ఉంది?"

"గుండ్రంగా."

"ఇప్పుడు కళ్లకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి."

"ఒట్టి గీతలా ఉంది."

"నెమ్మదిగా దించండి. ఆ రెండింటికీ మధ్యలో?"

టేపక్క గ్లాసును దించింది, ఎత్తింది, మళ్లీ దించింది. అడుగున మిగిలిన టీ చుక్కలు ఒళ్లో పడ్డాయి. ఆమె చూసుకోలేదు. "కోడిగుడ్డే మేడమ్" అంది చివరికి, నేరం ఒప్పుకున్నట్టు.

"మీరెక్కడ నిలబడి చూస్తున్నారో అది కూడా బొమ్మలో ఉండాలి కదక్కా" అంది మేడమ్.

అది కొంచెం లోపలికి దిగింది. కానీ అసలు తలుపు తెరుచుకున్నది మరో రెండు వారాలకి. ఆ రోజు మేడమ్ ఓ గాజుపెట్టె తెచ్చింది. దాని అద్దాలన్నిటికీ మధ్యన చిన్న చిన్న బందులున్నాయి. లోపల మెట్లలా చెక్కిన చెక్కముక్క పెట్టింది. ముందు అద్దానికి ఎదురుగా నిలబడి, ఆ అద్దంలోంచి ఏం కనబడుతోందో అద్దంమీదే రంగుపెన్నుతో గీసింది. పైకెక్కి పై అద్దంమీద గీసింది. పక్కకి వెళ్లి పక్క అద్దంమీద గీసింది. అప్పుడు చెక్కముక్క తీసేసి, బందులు విప్పి అద్దాల్ని ఒక్కొక్కటీ బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టింది. ముందు బొమ్మ, దాని పక్కన పక్క బొమ్మ, పైన పై బొమ్మ.

"ఇది నా పనే!" అని టేపక్క అరిచింది. తరగతంతా ఉలిక్కిపడింది. "ఇది నేను రోజూ చేసే పనే మేడమ్! పాతికేళ్లుగా ఇదే చేస్తున్నా! నేను కళ్లు మూసుకుని విప్పేది, మీరు గాజుతో విప్పారు!"

ఆమె బల్ల దగ్గరికి పరుగెత్తి అద్దాల్ని మళ్లీ లేపి పెట్టెగా నిలబెట్టింది. మళ్లీ పడుకోబెట్టింది. చిన్నప్పుడు మాస్టారు కిటికీ అని ఎగతాళి చేసిన బొమ్మ గురించి అప్పుడే మేడమ్‌కి చెప్పింది. మేడమ్ విని, "మీరు పెట్టెనే గీశారక్కా. కాకపోతే విప్పి గీశారు. ఆయన మూసి ఉన్నది అడిగారు. రెండూ లెక్కే" అంది.

ఇక ఆ రోజు నుంచి ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వెనక దాక్కున్న అంచులకి చుక్కల గీత వేయాలని తెలిసినప్పుడు పసిపిల్లలా సంబరపడింది. కనబడనిది కూడా ఉందని ఒప్పుకునే గీత! ఇంట్లో సబ్బుబిళ్లలన్నీ కత్తికి బలయ్యాయి. ఘనం, పట్టకం, పిరమిడ్డు, అడ్డంగా కోసిన శంకువు, అన్నీ కిటికీ గట్టుమీద వరుసగా నిలబడ్డాయి. అత్తగారు స్నానాలగది లోంచి కేకేసేది: "ఇవాళేంటమ్మా నాకు, శంకువా, పిరమిడ్డా? నిన్నటిదాని మొన డొక్కలో గుచ్చుకుని చచ్చాను!"

భర్త బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చాపుకునేసరికి ముందు ఓ కాగితం పడేది. మూడు బొమ్మలు చూసి వస్తువేదో చెప్పాలి.

"గేర్‌బాక్సా?" అనేవాడు తల గోక్కుంటూ.

"మన కుక్కరండీ!"

"మరి ఈ తోకేంటి?"

"పిడి. పక్కనుంచి చూస్తున్నారు మీరు."

ఏడాది చివర పరీక్షలో ఆ ముప్పైమందిలో మొదటి మార్కు టేపక్కది. ఆ వార్త ఆమె ఇంటికి చేరేలోపే అత్తగారు చాకలిషాపు దాకా చేరవేసింది. ఈసారి ఆ గొంతులో వెటకారం వెతికినా దొరకలేదు.

మరుసటి ఏడు, వానలు దగ్గర పడుతున్నప్పుడు, కాగితం మిల్లు నుంచి పిలుపొచ్చింది. మిల్లుకి పన్నెండు కొత్త యంత్రాలు ఓడలో వస్తున్నాయి. వాటిని నిలబెట్టే భవనం ఇంకా పూర్తికాలేదు. దిగినవి దిగినట్టు ఆరుబయటే ఉంచాలి. కాబట్టి అవి వచ్చేలోపే కవర్లు సిద్ధంగా ఉండాలి. చూసి కొలవడానికి యంత్రాలు లేవు, సముద్రంలో ఉన్నాయి. ఉన్నది కాగితం ఒక్కటే. కవర్లు కుట్టే మూడు షెడ్ల వాళ్లను పిలిచారు. టేపక్కను తోడు తీసుకుని బాబాయి వెళ్లాడు. వెళ్లేముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారంతా దాని గుండీలు తడుముకుంటూనే ఉన్నాడు.

పెద్ద బల్ల. ఒక కొసన స్టోర్స్ ఆఫీసరు, ఆయన పక్కన నెరిసిన జుట్టు ఇంజినీరు. గోడకి తెల్లబోర్డు. అందరికీ తలా ఒక కాగితం పంచారు. ముందు బొమ్మ దీర్ఘచతురస్రం. పై బొమ్మ కూడా దీర్ఘచతురస్రం, అందులో మధ్యకి కాస్త ముందుగా ఒక వలయం. అది పైకి లేచే పొగగొట్టం, ముందు బొమ్మలో దాన్ని వేయనే లేదు. అంతే.

మిగతా రెండు షెడ్ల వాళ్లూ ఎంత గుడ్డ పడుతుందో చకచకా లెక్క వేసుకుంటున్నారు. టేపక్క కాగితాన్ని తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"సార్, పక్క బొమ్మ ఏది?"

ఆఫీసరు తలెత్తాడు. "ముందు బొమ్మ ఉంది, పై బొమ్మ ఉంది. ఇంకేం కావాలమ్మా? చూస్తే తెలియట్లా, పెట్టె! పెట్టెకి కవరు కుట్టడం రాదా?"

పక్క షెడ్డు ఆసామీ కిసుక్కున నవ్వాడు. బాబాయి బల్లకింద ఆమె మోచేతిని పట్టుకుని మెల్లగా లాగాడు. ఊరుకోమ్మా అని దానర్థం. రెండేళ్ల కిందట అయితే ఊరుకునేదే.

"పెట్టె కావచ్చు సార్. కాకపోనూవచ్చు. ఆ బోర్డు మీద గీయొచ్చా?"

ఆఫీసరు చెయ్యి ఊపాడు. ఆమె లేచి వెళ్లి పెన్ను తీసుకుంది. స్కేలు లేదు, గళ్ల కాగితం లేదు. ఒక్క ఊపులో పెట్టె గీసింది. మూల ముందుకొచ్చి, అంచులు వెనక్కి పరుగెత్తి, కనబడనివి చుక్కలుగా. నిజంగానే అక్కడ పెట్టె పెట్టినట్టుంది.

"ఇది ఎదురుగా చూస్తే దీర్ఘచతురస్రం. పైనుంచి చూసినా అదే. అవునా సార్? ఇప్పుడు చూడండి."

దాని పక్కనే ఇంకోటి గీసింది. వెనక గోడ నిటారుగా ఉంది. పై అంచు నుంచి ముందు అడుగు అంచు దాకా ఏటవాలుగా కోసేసినట్టుంది. "ఇదీ అంతే. ఎదురుగా అదే ఆకారం, పైనుంచీ అదే ఆకారం. కానీ ఇది పెట్టె కాదు, చీలిక." మూడోది గీసింది. ఏటవాలు బదులు ముందుకు పొంగిన వంపు, పీపాని నిలువునా నాలుగు ముక్కలు చేస్తే వచ్చే ముక్కలా. "ఇదీ అంతే." పెన్ను ఆగలేదు. నాలుగోది కూడా గీసింది. వంపు ఈసారి లోపలికి, పిల్లలు జారే జారుడుబల్లలా.

కిసుక్కుమన్న ఆసామీ తన కాగితాన్ని దగ్గరికి లాక్కుని మళ్లీ చూస్తున్నాడు.

"ఈ నాలుగింటికీ మీరిచ్చిన కాగితం ఒక్కటే సార్" అంది టేపక్క. "పెట్టెకని కుట్టి, వచ్చేది మూడోదైతే, ముందు భాగంలో గుడ్డ సంచిలా వేలాడి నీళ్లు నిలుస్తాయి. రెండోదానికని కుట్టి, వచ్చేది మూడోదైతే, కవరు అసలు ఎక్కదు. పక్కనుంచి ఎట్లా ఉంటుందో చెప్తే తప్ప కత్తెర పెట్టలేను."

ఇంజినీరు లేచి బోర్డు దగ్గరికొచ్చాడు. నాలుగు బొమ్మల్నీ ఒకదాని తర్వాత ఒకటి వేలితో తడిమాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "మూడో షీటు ఉండాలండీ. మనం ప్రింటు తీయలేదు. నాకూ తట్టలేదు" అన్నాడు. అరగంటలో షీటు వెతికి తెచ్చారు. నాలుగోవంతు పీపా. టేపక్క గీసిన మూడో బొమ్మ.

ఇంజినీరు పకపకా నవ్వి, ఆ షీటు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. పక్క షెడ్డు ఆసామీ తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నావల్ల కాదు సార్. పన్నెండు పాడుచేసి తలెత్తుకోలేను. టేపక్కకే ఇవ్వండి" అన్నాడు. రెండోవాడూ తలాడించాడు. బయటికొచ్చి గేటు దాటాక బాబాయి ఆగి, "నేను నీ చెయ్యి లాగానమ్మాయ్. ఇంకెప్పుడన్నా లాగితే విదిలించుకో" అన్నాడు.

అసలు చిక్కు పొగగొట్టం దగ్గరుంది. వంపు తిరిగిన గుడ్డలోంచి గొట్టం నిటారుగా పైకి రావాలి. ఆ రంధ్రం గుడ్డ పరిచి ఉన్నప్పుడే కోయాలి. అరచెయ్యంత అటూ ఇటూ అయినా కవరు బిగిసి చిరుగుతుంది. టేపక్క మూడు రోజులు అట్టముక్కలతో కుస్తీ పట్టింది. పక్క బొమ్మలో గొట్టం నుంచి గీతలు దించి, ఆ గీతలు వంపును తాకిన చోట్ల మధ్య దూరాన్ని దారంతో కొలిచి, ఆ దారాన్ని చాపి గుడ్డమీద గుర్తులు పెట్టింది. గుర్తులు కలిపితే వచ్చిన ఆకారం చూసి బాబాయి కంగారు పడ్డాడు.

"ఏంటమ్మాయ్ ఇది, కోడిగుడ్డులా ఉంది? గొట్టం గుండ్రం కదా?"

టేపక్కకి నవ్వాగలేదు. రంధ్రం కోసిన అట్టను వంచి ఆయన ముఖం కింద పెట్టింది. "పైనుంచి చూడు బాబాయ్. వంపు ముందుకొచ్చేకొద్దీ వాలు ఎక్కువవుతుంది, అందుకే గుడ్డు కొస అటు సాగింది."

ఆయన వంగి చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు. చక్కటి వలయం. "ఔరా!" అని అట్టను పట్టుకెళ్లి మిషన్ల దగ్గర ఉన్న ప్రతివాళ్లకీ చూపించి వచ్చాడు. తనే కనిపెట్టినట్టు.

పదహారు రోజులు షెడ్డు షెడ్డంతా ఊపిరాడకుండా పని చేసింది. మిషన్ల చప్పుడులో మాటలు వినబడక అందరూ సైగలు నేర్చుకున్నారు. పన్నెండు కవర్లు కుట్టి, రింగులు దిగ్గొట్టి, మడిచి తాళ్లతో కట్టారు.

యంత్రాలు వచ్చిన రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లగా కమ్ముకుంది. మిల్లు ఆవరణలో పొడుగాటి ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. క్రేను మొదటి యంత్రాన్ని దించింది. టేపక్క దాన్ని చూడటం అదే మొదటిసారి. అయినా ఎప్పుడో పరిచయమైన మనిషిని స్టేషన్లో గుర్తుపట్టినట్టు అనిపించింది. వెనక నిటారు గోడ, ముందు పొంగిన వంపు, అందులోంచి నిలబడ్డ గొట్టం. ఆమె దాని చుట్టూ తిరిగి చేత్తో ఒకసారి తట్టింది.

ఎనిమిదిమంది తాళ్లు పట్టుకున్నారు. "వెనకనుంచి ఎక్కించండి, గొట్టం దగ్గరికొచ్చాక ఆగండి!" అని ఆమె కేకేసింది. గుడ్డ వెనక గోడమీదుగా పాకి పైకెక్కింది. గొట్టం దగ్గర ఆగింది. నిచ్చెనమీద ఉన్న బాబాయి రంధ్రాన్ని గొట్టంమీదికి తెచ్చి కిందికి నొక్కాడు. చిన్న చప్పుడుతో కవరు మెడ గొట్టాన్ని పట్టేసింది. మిగతా గుడ్డ వంపుమీదుగా తనంతట తానే జారి, అడుగు అంచు దగ్గర రింగులన్నీ కొక్కేలకి ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఎక్కడా ఒక్క ముడత లేదు.

"సరిపోయింది!" అని బాబాయి నిచ్చెనమీదనుంచే అరిచాడు. "అచ్చంగా సరిపోయింది అమ్మాయ్!"

తాళ్లు పట్టుకున్నవాళ్లు ఈలలు వేశారు. స్టోర్స్ ఆఫీసరు గుడ్డను వేలితో లాగి చూసి, వదులు దొరక్క, చెయ్యి వెనక్కి తీసుకుని ఆమెకి దణ్ణం పెట్టాడు. ఇంజినీరు తన ఫోనులో ఆమె గీసిన నాలుగు బొమ్మల ఫొటో ఉందని, కొత్తగా చేరిన ఇంజినీర్లకి ముందు అదే చూపిస్తున్నానని చెప్పాడు. ఆమె సిగ్గుపడి, "బోర్డు తుడవలేదా సార్ ఇంకా?" అంది.

"తుడవనివ్వలేదమ్మా."

రెండోది, మూడోది, నాలుగోది. ఒక్కో యంత్రం దిగడం, ఒక్కో కవరు ఎక్కడం. పదకొండోది కట్టేసరికి మొదటి చినుకు పడింది. పన్నెండోదాని చివరి ముడి వేస్తుండగా వాన దబదబా దిగింది. అందరూ తలోవైపు పరుగెత్తి రేకుల కిందికి చేరారు. టేపక్క మాత్రం ఆవరణ మధ్యలో నిలబడిపోయింది. వంపులమీద పడ్డ నీళ్లు ఎక్కడా ఆగకుండా, ఎక్కడా గుంట కట్టకుండా, పల్చటి తెరలా జారి నేలకి దిగుతున్నాయి. పన్నెండు యంత్రాలమీదా ఒకేలా.

"టేపక్కా, తడిసిపోతున్నావు, రా!" అని రేకుల కిందనుంచి పది గొంతులు పిలిచాయి.

"వస్తున్నా, వస్తున్నా" అంది ఆమె, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా నవ్వుతూ. "చూడాల్సినవి ఇంకా మూడు ఉన్నాయి. పక్కనుంచి కూడా చూసుకుని వస్తా."